పేరు చివర ‘డు’



తెలుగులో ‘డు’ అనే అక్షరానికి ఉన్న చొరవ మరే అక్షరానికీ లేదు. పక్కింటి పెద్దాయన గుమ్మంలోకి వస్తే ‘వచ్చారు’ అంటాం. ఏడుకొండలవాడు దిగివస్తే మాత్రం ‘దిగివచ్చాడు’ అంటాం. రాముడు, కృష్ణుడు, శివుడు, చివరికి దేవుడు అనే మాటకు కూడా తోక అదే. అదే తోకను కోపం వచ్చినప్పుడు తిట్టుకు తగిలిస్తాం, ముద్దొచ్చినప్పుడు పసివాడికి తగిలిస్తాం. ఈ ‘డు’ మూడు గదుల ఇల్లు. ఒక గదిలో చులకన ఉంటుంది, ఒక గదిలో చనువు ఉంటుంది, మూడో గదిలో భక్తి ఉంటుంది. మాట ఏ గదిలోంచి వచ్చిందో కాగితం మీద చూస్తే తెలియదు. గొంతు వింటేనే తెలుస్తుంది. అందుకే ఈ సంగతి చెప్పడానికి రేడియోకు మించిన చోటు లేదనిపించింది.

ఈవేళ ఒక మనిషి పేరు పట్టుకుని మూడు వందల ఏళ్ల వెనక్కి వెళ్దాం. ఆయన్ని కొందరు పాపడు అన్నారు, కొందరు పాపన్న అన్నారు. పర్షియన్ భాషలో రాసుకున్నవాళ్ల కలం కింద పాప్రా అయ్యాడు. ఇప్పుడు కూడళ్లలో విగ్రహాల కింద సర్దార్ సర్వాయి పాపన్న గౌడ్ అని చెక్కి ఉంటుంది. మనిషి ఒక్కడే. పేరు మారినప్పుడల్లా కథ చెప్పేవాళ్లు మారారు.

ముందు చరిత్ర పుస్తకం తెరుద్దాం. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. కుతుబ్ షాహీల పాలన పోయి మొగలుల పాలన వచ్చింది. కొత్త ఫౌజుదార్లు, కొత్త పన్ను లెక్కలు, వాటి వెనకాల గుర్రాలు వచ్చాయి. ఆ రోజుల్లో ఓరుగల్లు, భువనగిరి ప్రాంతంలో కల్లుగీసే ఇంట పుట్టిన ఒక యువకుడు కులవృత్తి వదిలేసి మనుషుల్ని కూడగట్టాడు. తాటికొండలో చిన్న గడి కట్టుకున్నాడు. తర్వాత షాపురంలో, అంటే ఇప్పటి జనగామ జిల్లా ఖిలాషాపూర్‌లో, పెద్ద కోట కట్టాడు.

ఆ కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ తన ‘ముంతఖబ్-ఉల్-లుబాబ్’లో ఇతని గురించి తీరిగ్గా రాశాడు. తీరిగ్గా రాశాడంటే ప్రేమతో రాశాడని అర్థం చేసుకోకండి. ఆయన దృష్టిలో ఇతను దోపిడీగాడు. సొంత అక్క దగ్గరున్న సొమ్మునే దోచి దానితో దండు కట్టాడని మొదలుపెడతాడు. అయినా ఆయన కలంలో ఒక మంచి గుణం ఉంది. కోపంగా ఉన్నా కథను మాత్రం వదలడు. అందులో ఒక ఘట్టం వినండి.

తాటికొండ నుంచి తరిమేస్తే పాపన్న కౌలాస్ వెళ్లి అక్కడి జమీందారు కొలువులో చేరాడు. అక్కడా పాత పని మానలేదు. దొరికిపోయి ఖైదులో పడ్డాడు. కొన్నాళ్లకు జమీందారు కొడుక్కి జబ్బు చేసింది. బిడ్డ బతికితే చాలని, ఆ పుణ్యమైనా కాపాడుతుందేమోనని తల్లి ఖైదీలందరినీ విడిచిపెట్టించింది. ఆ తలుపులోంచే పాపన్న బయటపడ్డాడు. ఒక తల్లి మొక్కు ఒక తిరుగుబాటుదారుకు తాళం తీసింది. కల్పించి రాస్తే మరీ అతికినట్టుందని పక్కన పెట్టేసే సన్నివేశం ఇది. రాసిపెట్టినవాడేమో మొగలుల చరిత్రకారుడు.

ఆ తర్వాత కథ జోరందుకుంది. పట్టుకు రమ్మని కొలనుపాక ఫౌజుదారు కాసిం ఖాన్‌ను పంపితే ఆయనే తుపాకి గుండుకు కూలిపోయాడు. హైదరాబాదు నుంచి రుస్తుం దిల్ ఖాన్ వచ్చి షాపురాన్ని ముట్టడించి కోటను పేల్చేశాడు. సేన వెనుదిరిగిందో లేదో పాపన్న తిరిగివచ్చి, ఈసారి రాయీ సున్నంతో మునుపటికంటే గట్టిగా కట్టాడు. 1707లో ఔరంగజేబు చనిపోయాడు. కొడుకులు సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. హైదరాబాదులో ఎవరి ఆజ్ఞ చెల్లుతుందో ఎవరికీ తెలియని రోజులవి. 1708 మార్చి నెలాఖరున, ముహర్రం పీర్ల సందడిలో ఊరంతా మునిగి ఉన్న రాత్రి, పాపన్న దండు ఓరుగల్లు గోడలు ఎక్కింది. రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల గుర్రాలు. కాకతీయుల ఓరుగల్లులోకి కల్లుగీసే ఇంటి బిడ్డ ఆ రాత్రి అలా అడుగుపెట్టాడు. సుమారు రెండు నెలలకు భువనగిరి మీద పడ్డాడు.

ఇక్కడ కాస్త ఆగుదాం. మనకు నచ్చిన వీరుడి కథ చెప్పేటప్పుడు నచ్చని పేజీని వేళ్ల మధ్య అణిచిపెట్టి తిప్పేయడం తేలిక. నేనా పని చేయదలచుకోలేదు. ఓరుగల్లులో పాపన్న దండు సొమ్ముతో పాటు మనుషుల్నీ ఎత్తుకుపోయింది. ఖాజీగారి భార్యనూ కూతుర్నీ కూడా తీసుకుపోయారు. ఆ ఇళ్లలో ఆ రాత్రి వినిపించిన ఏడుపు ఏ పాటలోనూ లేదు. ఆ ఏడుపును మనదాకా మోసుకొచ్చింది ఖాఫీ ఖాన్ కోపమే. ఆ కోపానికి మనం రుణపడి ఉన్నాం.

ఇంకో పేజీ కూడా ఉంది. కోటలో దోపిడీ సొమ్ము పోగేసుకుని కూర్చున్న మనిషి కాడు పాపన్న. బంజారాల దగ్గర పది పన్నెండు వేల పశువుల్ని పట్టుకొచ్చి షాపురం చుట్టూ పొలాలకు నాగళ్లు కట్టించాడు. అది కూడా ఒకరి పశువుల్ని లాక్కోవడమే, నిజమే. కానీ నాగలి కట్టినవాడి కన్ను వచ్చే పంట మీద ఉంటుంది. మూట కట్టుకుని పారిపోదామనుకున్నవాడు దుక్కి దున్నించడు. రాజ్యం చేద్దామనుకున్నవాడే దున్నిస్తాడు.

అసలు చిత్రం 1709 జనవరిలో జరిగింది. కొత్త బాదుషా బహదూర్ షా హైదరాబాదులో దర్బారు తీర్చాడు. ఆ దర్బారుకు పాపన్న వచ్చాడు. 14 లక్షల రూపాయల నజరానా పెట్టాడు, సేనకు ధాన్యం ఇచ్చాడు. బాదుషా ఆయనకు ఖిలత్తు, అంటే గౌరవ వస్త్రం, కప్పాడు. అప్పటిదాకా పట్టుకుంటే తల తీయమన్న మనిషికి ఇప్పుడు నిండు సభలో సత్కారం! ఓరుగల్లులో బంధువుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఊరుకుంటారా? పెద్దమనుషులు కలిసి మొర పెట్టుకున్నారు. వాళ్ల బాధ న్యాయమైనది. ఆ బాధతో పాటు ఇంకో బాధ కూడా ఉంది. దర్బారులో ఎవరు ఎక్కడ నిలబడాలో తరతరాలుగా రాసిపెట్టి ఉంటే, తాళ్లెక్కే ఇంటి మనిషి ఆ గీత దాటి వచ్చి నిలబడ్డాడు. బాదుషా మనసు మార్చుకుని సేనను పంపాడు. ఖిలత్తు ముడతలు విప్పకముందే ముట్టడి మొదలైంది.

ఇక పుస్తకం మూసి పాట విందాం.

1874లో బాయిల్ అనే ఇంగ్లీషాయన బళ్లారి ప్రాంతంలో విన్న ఒక తెలుగు వీరగాథను ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో అచ్చు వేయించాడు. అది సర్వాయి పాపడి పాట. పాపన్న చనిపోయి అప్పటికి నూట అరవై ఏళ్లు దాటింది. ఓరుగల్లు ఎక్కడ, బళ్లారి ఎక్కడ! మధ్యలో కృష్ణ ఉంది, తుంగభద్ర ఉంది. గుర్రమెక్కి వచ్చిన ఫౌజుదార్లు పాపన్నను షాపురం దాటి పోనివ్వకూడదనుకున్నారు. పాట కాలినడకన వందల మైళ్లు దాటిపోయింది.

ఆ పాటలో కొడుకు తల్లితో వాదిస్తాడు. కులం పని చేసుకుని బతకరా అని తల్లి అంటుంది. కుండలు మోయడం తన వల్ల కాదని, తన చూపు గోల్కొండ కోట మీద ఉందని కొడుకు అంటాడు. ఆ తర్వాత పాట ఒక జాబితా చదువుతుంది. పాపడి వెంట ఎవరెవరు నడిచారో పేరు పేరునా చెబుతుంది. చాకలివాడు, మంగలివాడు, కుమ్మరి, మేదరి, దూదేకులవాడు, తురకవాడు, ఎరుకలవాడు, యానాది. ఖాఫీ ఖాన్ లెక్కలో ‘రెండు మూడు వేల కాల్బలం’ అన్న ఒక్క మాటలో వీళ్లంతా కలిసిపోయారు. పాటలో ఒక్కొక్కరూ పేరుతో సహా ముందుకు వచ్చి నిలబడతారు. సేనాపతుల పేర్లను చరిత్ర దాచుకుంది. చాకలి పేరు, కుమ్మరి పేరు పాట దాచుకుంది. హిందువూ ముస్లిమూ ఒకే దండులో భుజం కలిపి ఉన్నారన్న సంగతి కూడా ఆ జాబితాలోనే చూస్తాం.

ఆ పాట ఆయన్ని ‘పాపడు’ అనే పిలుస్తుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు కాస్త కష్టం తోచింది. మన వీరుణ్ణి మనమే ‘డు’ అంటామా అనుకున్నాను. తర్వాత నిఘంటువు తీశాను. పాపడు అంటే పసివాడు. పాపకు మగరూపం. అప్పుడు తెలిసింది, ఆ పేరు ఏ గదిలోంచి వచ్చిందో. అది అమ్మ గది. గోల్కొండ గెలుస్తానన్నా, ఓరుగల్లు గోడ ఎక్కినా ఆ పిలుపు మాత్రం ఊయలలో పెట్టిందే. పాటగాళ్లు దాన్ని మార్చలేదు. రాముడన్న నోటితోనే పాపడన్నారు.

ఈ విద్య మన జనానికి కొత్తది కాదు. తెనాలి వారి సంగతి చూడండి. పాండురంగ మాహాత్మ్యం రాసిన మహాకవి పేరు తెనాలి రామకృష్ణుడు. అది భక్తి కావ్యం, ప్రౌఢ కావ్యం. ఉద్భటారాధ్య చరిత్ర రాసేనాటికి ఆయన పేరు రామలింగడనీ, తర్వాత రామకృష్ణుడయ్యాడనీ సాహిత్య చరిత్రకారులు చెబుతారు. పండితులు కావ్యాన్ని అంటిపెట్టుకున్నారు. జనం రామలింగణ్ణి అంటిపెట్టుకున్నారు. వెయ్యి తలల కాళి ప్రత్యక్షమైతే దండం పెట్టాల్సింది పోయి ఫక్కున నవ్వాడట. ఎందుకురా నవ్వావంటే, ఒక్క ముక్కుకు జలుబు చేస్తేనే మాకు రెండు చేతులు చాలవు, వెయ్యి ముక్కులకు చేస్తే నీ గతేమిటమ్మా అన్నాడట. విద్య కావాలా ధనం కావాలా అని రెండు గిన్నెలు చూపిస్తే రెండూ తాగేశాడట. ఇది జరిగిందా అని అడిగేవాళ్లు తెలుగు నేల మీద లేరు. దేవత ముందు కూడా తల వంచని మనిషి ఒకడు మనకు కావాలి. రాజు దగ్గర జీతం తీసుకుంటూనే రాజును నవ్వించి నిజం చెప్పే మనిషి కావాలి. ఆ కోరికకు జనం పెట్టుకున్న పేరు రామలింగడు.

అంతమాత్రాన ఆయన కావ్యం పెద్దమనిషి తరహాగా ఒదిగి కూర్చుందనుకోవద్దు. పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ అని ఒకడున్నాడు. వేదం చదువుకున్న ఇంట పుట్టి, ఆఖరికి ఆ ఇంటి నగలన్నీ మూటగట్టుకుని పారిపోయిన ఘనుడు. అలా పారిపోకముందు వాణ్ణి దారిలో పెట్టడానికి అత్తవారింటి నుంచి అక్క వస్తుంది. మందలిస్తుంది, బుజ్జగిస్తుంది, అన్నం పెట్టి మరీ బుద్ధులు చెబుతుంది. ఆ అక్కకు కవి పేరు పెట్టలేదు. పేరు లేని ఆ పాత్ర మీద రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఏకంగా ఒక వ్యాసం రాశారు. శీర్షిక ‘నిగమశర్మ అక్క’. ఆ పేరు అలాగే నిలిచిపోయింది. కావ్యంలో పేరు లేని స్త్రీ మనందరికీ అక్క అయింది. చూశారా, ‘డు’ ఒక్కటే కాదు, అక్క, అన్న అనే వరస కూడా మనం ఒక మనిషికి ఇచ్చే కిరీటమే.

మళ్లీ పాపన్న దగ్గరికి వద్దాం. జనగామ వైపు ఒక తాటివనంలో తెల్లవారుజామున నేను చూసిన దృశ్యం మీకు చెప్పాలి. ఒక పెద్ద వయసు గౌడు చెట్టెక్కడానికి సిద్ధమవుతున్నాడు. నడుముకు ముత్తాదు కట్టుకున్నాడు, అందులో కత్తులు సర్దుకున్నాడు. కాళ్లకు గుజి తగిలించుకున్నాడు. మోకును చెట్టు చుట్టూ తిప్పి తన నడుం చుట్టూ తెచ్చుకున్నాడు. మోకు తాకే చోట తాటిచెట్టు బెరడు అరిగి నున్నగా మెరుస్తోంది. వీపు వెనక్కి వాల్చి మోకును ఒక్క విదిలింపుతో మీదికి జరుపుతాడు, కాళ్లు దగ్గరికి లాక్కుంటాడు, మళ్లీ మోకు. కింద నిలబడ్డ నాకు మెడ నొప్పి పుట్టే ఎత్తుకు వెళ్లి ఆకుల్లో కలిసిపోయాడు. లొట్టి దింపుకుని వచ్చాక అడిగాను, భయం వేయదా తాతా అని.

“కోట బురుజు మీద నిలబడ్డోనికి ఎంత దూరం కనబడ్తదో, చెట్టు మీద నాకు గంత దూరం కనబడ్తది బిడ్డా,” అన్నాడు. “మా పాపన్న పోరగాడున్నప్పుడే కోటలను మీదికెల్లి చూసిండు. మీదికెల్లి చూసినోనికి కోటంటే భయమెట్లయితది?”

నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా దొరకని కారణం అది. పాపన్న ఎందుకు తిరగబడ్డాడన్న ప్రశ్నకు పన్నుల భారం, మొగలుల బలహీనత, అధికార శూన్యం అని పండితులు జవాబులు చెప్పారు. అవన్నీ నిజాలే. తాత చెప్పింది ఇంకొకటి. కింది కులం అని ఊరు పిలిచే మనిషి రోజూ పొద్దున్నే ఊరందరికంటే ఎత్తున నిలబడి సూర్యుణ్ణి చూస్తాడు. గడి లోపలి వాకిలి, కోట లోపలి చావిడి ఆయనకు అక్కణ్ణుంచి అరచేతిలా కనిపిస్తాయి. చూసినదాన్ని కోరుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తాత అన్న మాటలో ఇంకో సంగతి గమనించారా? ‘మా పాపన్న’ అన్నాడు. బళ్లారి పాటలో పాపడు, తాత నోట పాపన్న. పాపడు పెద్దవాడై అన్న అయ్యాడు. ఇప్పుడు ఆగస్టు 18న జయంతులు జరుగుతున్నాయి, విగ్రహాలకు దండలు పడుతున్నాయి, పేరు ముందు సర్దార్ చేరింది. మంచిదే. ఆలస్యంగానైనా గౌరవం అందింది. కానీ కంచు విగ్రహం పక్కన ఆ పాట కూడా మోగుతూ ఉండాలని నా కోరిక. సర్దార్‌కు మనం దండ వేసి వచ్చేస్తాం. పాపడితో అయితే కూర్చుని మాట్లాడతాం.

పాలమూరు వైపు పాపన్నలాంటి మరో తిరుగుబాటుదారు పండుగ సాయన్న కథను కిన్నెర మెట్ల మీద మోసుకొచ్చినవాళ్లు ఉన్నారు. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టాడని ఆ పాట చెబుతుంది. పన్నెండు మెట్ల కిన్నెర మోగించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆనపకాయ బుర్రలు, వెదురు బొంగు, తీగలు, ఇదీ ఆ వాద్యం. ఆయన గొంతు లేకపోతే సాయన్న పేరు ఎంతమందికి తెలిసేది? మనకు ఎన్ని తిరుగుబాట్లున్నాయో అంతకంటే తక్కువ గొంతులున్నాయి. ఏ కిన్నెర మూలన పడితే ఆ సాయన్న మళ్లీ చనిపోతాడు.

ఇక పాపన్న ఆఖరి రోజులు. 1710. పాపన్న మళ్లీ చేరిన తాటికొండ మీద, బాదుషా సేనతో వచ్చిన యూసుఫ్ ఖాన్ ముట్టడి నెలల తరబడి సాగింది. బయటికి వస్తే రెట్టింపు జీతం ఇస్తామని పాపన్న మనుషులకు ఆశ పెట్టారు. కొందరు దిగిపోయారు. తుపాకి మందు అయిపోయింది. పాపన్న వేషం మార్చుకుని, గాయపడ్డ కాలుతో హసనాబాదు చేరాడు. దాహం వేసింది. ఆ మనిషి దాహానికి ఎక్కడికి వెళ్తాడు? కల్లు అమ్మే చోటికి వెళ్లాడు.

కల్లు పోసే మనిషి ఆయన్ని గుర్తుపట్టాడు. బట్టలు మారినా, కాలు కుంటుతున్నా, నోరు విప్పగానే పోల్చుకున్నాడు. మంచి కల్లు తెస్తాను కూర్చోమని చెప్పి వెళ్లి కబురు అందించాడు. పాపన్నను పట్టుకుని చంపారు. తలను బాదుషా దగ్గరికి పంపారు, మొండేన్ని హైదరాబాదు దర్వాజాకు వేలాడదీశారు. శత్రువు చేతికి చిక్కకముందే తన కత్తితో తానే ప్రాణం తీసుకున్నాడని చెప్పే జనం కథ కూడా ఉంది. జనం ఆ చావును ఇంకొకరి చేతుల్లో పెట్టడానికి ఒప్పుకోలేదు.

నా మనసు ఆ కల్లు దుకాణం దగ్గరే ఆగిపోతుంది. పాపన్న వేషం మార్చగలిగాడు, మాట మార్చలేకపోయాడు. పుట్టిన ఇంటి యాస, కల్లు అడిగే తీరు, పిలిచే వరస, ఇవి మనిషిని దాచనివ్వవు. కోటలు ఎక్కి, దర్బారులో ఖిలత్తు కప్పుకుని వచ్చినా ఆయన గొంతు తాటివనంలోనే ఉండిపోయింది. ఆయన ప్రాణం తీసింది ఆ గొంతే.

తర్వాత ఏం జరిగిందో చూడండి. బాదుషా దగ్గరికి వెళ్లిన తల సంగతి మనం మరిచిపోయాం. దర్వాజాకు వేలాడిన దేహం మట్టిలో కలిసింది. కోటను పేల్చారు. గొంతును మాత్రం ఎవరూ వేలాడదీయలేకపోయారు. అది శారద కథలు చెప్పేవాళ్ల నోట్లోకి వెళ్లింది, బళ్లారి దాకా వెళ్లి అచ్చులోకి ఎక్కింది, తాటిచెట్టు కింద తాత నోటికి వచ్చింది. 1980లో జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు కలిసి ఖాఫీ ఖాన్ రాతనూ జనం పాటనూ పక్కపక్కన పెట్టి చదివి ఒక వ్యాసం రాశారు. ఆ తర్వాతే చరిత్రకారులకు ఆ పాట కూడా సాక్ష్యమేనని గట్టిగా తోచింది. రెండూ కలిపి చదివితేనే మనిషి పూర్తిగా కనిపిస్తాడు. ఓరుగల్లు ఇళ్లలోని ఏడుపు ఒకవైపు, పేరు పేరునా పిలిచిన చాకలి, కుమ్మరి, దూదేకుల మనుషులు ఒకవైపు.

శ్రోతలారా, మీ ఊళ్లోనూ ఒకడుంటాడు. గుట్ట మీద పోరాడినవాడో, గడి ముందు తలెత్తి మాట్లాడినవాడో, దేవుణ్ణి నిలదీసినవాడో. వాడి గురించి చెప్పగలిగిన ముసలమ్మో తాతో ఇంకా ఉండే ఉంటారు. ఈ వారం ఒక సాయంత్రం వాళ్ల పక్కన కూర్చోండి. కథ వినండి. ముఖ్యంగా, వాళ్లు ఆ పేరు చివర ఏం తగిలిస్తారో చెవి పెట్టి వినండి. ‘డు’ అంటే ఏ గదిలోంచి అన్నారో మీకే తెలిసిపోతుంది. చేతిలో ఫోనుంటే ఆ గొంతును దాచిపెట్టండి. పేరు మనం కూడా రాసుకోవచ్చు. ఆ పిలుపు మాత్రం వాళ్ల దగ్గరే ఉంది.